లిపియు యంత్రమును

యంత్రమును ఒకరు చేసి ముగించిన పిదప, దానిని నడపు ఉపాయమును వేఱొకరు వెదకుకొనవచ్చునని కొందఱి తలంపు. కంప్యూటరు విషయమున ఇది చెల్లదు. దానియందు చేతికి తగులు భాగములు హార్డువేరు. వానిని నడపు ఆదేశముల కూర్పు సాఫ్టువేరు. ఈ రెంటిని కలిపి యోచింపనిచో కలుగు నష్టమునకు మన తెలుగే సాక్షి.

ఇంగ్లీషు అక్షరములు విడివిడిగా వరుసను నిలుచును. మనవి యట్లు కావు. 'స్త్రీ' అను మాటను చూడుడు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము: నొక్కవలసిన మీటలు ఆఱు, కంటికి కనబడు రూపమొక్కటి. టైపురైటరు ఈ రూపమును ముక్కలు చేసి కాగితముపై అతికించెను. యంత్రమునకు ఒదుగునట్లు లిపినే తగ్గింపుడని చెప్పినవారును లేకపోలేదు.

1980 దశకమున కాన్పూరు ఐ.ఐ.టి.లో పుట్టి, 1988 లో నెలకొన్న పూనా సీడాక్ సంస్థలో పెరిగిన 'జిస్ట్' కార్డు వేఱు త్రోవ త్రొక్కెను. మీటల అమరిక, యంత్రము దాచుకొను సంకేతము, తెరపై రూపమును దిద్దు కార్డు, ఈ మూఁడును ఒక్క యోచనగా సాగినవి. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి; 'క' మీట తెలుగునకును హిందీకిని ఒక్కటే. యంత్రము ధ్వనుల క్రమమును దాచుకొనును, కార్డు రూపమును తీర్చును. అందుచే ఇంగ్లీషుకై వ్రాసిన పెక్కు ప్రోగ్రాములు మార్పు లేకయే తెలుగును చూపగలిగినవి. సంస్కృత విద్యకు పేరొందిన కొవ్వూరులో బడిపంతులనైన నాకు ఇందు వింత తోఁపదు. వర్ణములను ధ్వనినిబట్టి అమర్చుట మన పూర్వులెఱిగిన విద్యయే గదా!

నా తరగతిలో గుణింతము చక్కగా వచ్చిన యొక బాలిక ఈ మీటలను వారము దినములలో పట్టుకొనెను. ఇంగ్లీషు స్పెల్లింగు మీదుగా తెలుగు కొట్టు పిల్లలు 'ల, ళ'ల వద్దను 'న, ణ'ల వద్దను నేటికిని తడబడుచున్నారు.

ఇందుకు మాఱుగా, పాతికేండ్ల క్రిందట మా బడి సంచికను కూర్చినవారు రూపముల ముక్కలకే సంకేతములిచ్చిన ఖతిని వాడిరి. అచ్చు అందముగానే వచ్చెను. ఆ ఖతి లేని కంప్యూటరులో నేడా ఫైలు తెఱచినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తులు మాత్రమే కనబడును. పిల్లల వ్రాతలలో ఒక్క మాటనైనను వెదకి పట్టుకొన వీలులేదు.

నేడు జిస్ట్ కార్డుతో పని లేదు. రూపమును దిద్దు పనిని సాఫ్టువేరే చేయుచున్నది. కలిసి యోచించినందువలని ఫలము మాత్రము నిలిచినది. 1991 లో వెలువడిన యూనికోడు తెలుగు పట్టికకు ఆ ధ్వనిక్రమమే ఆధారము.

తల్లిదండ్రులారా! మీ బాలబాలికలను కంప్యూటరు విద్యకు తప్పక పంపుడు. అందుకై గుణింతమును మాత్రము మాన్పింపకుడు. మన మాట విని, మన మాట పలుకు యంత్రములను కల్పించుచున్న కాలమిది. వాని నమూనా గీయు మొదటినాడే తెలుగు తెలిసినవారు అచ్చట కూర్చుండవలయును. యంత్రము ముగిసిన తరువాత పిలువబడువాడు వేడుకొనువాడే గాని, యోచన చెప్పువాడు కాఁజాలడు.