బకెట్‌లో అమ్మమ్మ మందారం

క్లోన్ అనే మాట వినగానే మనకి సినిమాలే గుర్తొస్తాయి. ఒక ల్యాబ్, నాలుగు గాజు గొట్టాలు, అచ్చం ఒకేలా ఉండే ఇద్దరు హీరోలు. నిజానికి ఆ మాట పుట్టింది మొక్కల దగ్గర. 1903లో హెర్బర్ట్ వెబర్ అనే అమెరికా వృక్ష శాస్త్రవేత్త, ఒకే మొక్క నుంచి ముక్కలు తీసి పెంచిన మొక్కలన్నిటికీ కలిపి ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో దాని అర్థం 'రెమ్మ'. అంతే! మనం తినే అరటిపండు పిలక నుంచి వచ్చిన క్లోన్. రోడ్డు పక్కన తాగే చెరకు రసం ముచ్చె నుంచి వచ్చిన క్లోన్. ఫ్రెండ్ రూమ్ నుంచి తెచ్చి సీసాలో పెట్టుకున్న మనీ ప్లాంట్ కూడా క్లోనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన మే నెలలో నేను ఒక పెయింట్ బకెట్‌ని క్లోనింగ్ మెషిన్‌గా మార్చా. సరదాకి కాదు. ఒక చెట్టుకి ఆరు వారాలే టైమ్ ఉంది.

చెట్టు పోద్దే!

తణుకు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు. తాతయ్య పోయాక ఆవిడ ఒక్కతే ఉండలేక విజయవాడలో మావయ్య దగ్గరికి వెళ్లిపోయింది. ఊళ్లో ఇల్లు అమ్మేశారు. జూన్ నెలాఖరుకి అప్పజెప్పాలి. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారు. అందులో ఎవర్నీ అనడానికి ఏం లేదు. పాత పెంకుటిల్లు. వానొస్తే మూడు చోట్ల గిన్నెలు పెట్టాలి.

కానీ నూతి పక్కన ముద్ద మందారం ఉంది. మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉంది. ఎర్రగా, అరచేయంత పువ్వు, లెక్కపెట్టలేనన్ని రేకులు. సెలవులకి వెళ్తే మా తలంట్లకి ఆకులు కోసుకొచ్చేది కూడా దాన్నుంచే.

అమ్మకం మాటలు నడిచినన్నాళ్లూ అమ్మమ్మ నోరు విప్పలేదు. సంతకాలు పెట్టిన రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "చెట్టు పోద్దే" అంది. ఇల్లు పోతుందని మాత్రం అనలేదు.

"దానికేముందమ్మా, కడియం వెళ్తే ఎన్ని రకాల మందారాలైనా దొరుకుతాయి. కార్లో వేసుకొచ్చేద్దాం" అన్నాడు మావయ్య. నిజమే, కడియం నర్సరీల్లో దొరకని మొక్కంటూ ఉండదు. కాకపోతే అక్కడ దొరికేది ఒక మందారం. ఇది కాదు.

తవ్వి తెద్దామంటే వేర్లు నూతి గట్టు కింద రాళ్లలోకి వెళ్లిపోయాయి. విత్తనం వేద్దామంటే ముద్ద మందారాలు మామూలుగా కాయ కట్టవు. వాటిలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. అందుకే పువ్వు అంత ముద్దగా ఉంటుంది. ఒకవేళ విత్తనం దొరికినా దాన్నుంచి వచ్చేది ఈ చెట్టుకి పిల్ల అవుతుంది. రంగు, రేకు తేడా రావొచ్చు. మాకు కావాల్సింది పిల్ల కాదు, ఇదే చెట్టు. దానికి దారి ఒక్కటే, కొమ్మ.

కోసిన కొమ్మ ఏం చేస్తుంది?

కొమ్మని కోయగానే దానికి రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, ఎండిపోకుండా బతకాలి. రెండు, ఎక్కడా లేని వేర్లని కొత్తగా పుట్టించుకోవాలి. ఈ రెండో పని చేయించేది ఆక్సిన్ అనే హార్మోన్. 1928లో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల మీద ప్రయోగాలతో దీని సంగతి తేల్చాడు. ఆక్సిన్ కొమ్మ చివర్లో, లేత ఆకుల్లో తయారై కిందికి దిగుతుంది. కొమ్మ కోస్తే దారి తెగి, తెగిన చోట పోగవుతుంది. 'ఇక్కడ వేర్లు వెయ్యండి' అని కణాలకి అందే కబురు అదే. నర్సరీ షాపుల్లో అమ్మే రూటింగ్ హార్మోన్‌లో ఉండే ఐబీఏ కూడా ఈ కుటుంబానిదే. తేనె రాస్తే వేర్లొస్తాయని వీడియోల్లో చెప్తుంటారు. తేనె కుళ్లుని కాస్త ఆపుతుందేమో గానీ అది హార్మోన్ కాదు.

మరి బకెట్ దేనికి? వేరు పుట్టాలంటే తడి ఎంత ముఖ్యమో గాలీ అంతే ముఖ్యం. గ్లాసు నీళ్లలో కొమ్మ పెట్టి వదిలేస్తే నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, అడుగు కుళ్లుతుంది. మట్టిలో గుచ్చితే గాలి ఉంటుంది గానీ ఎండాకాలం ఒక్క పూట తడి ఆరినా కొమ్మ పోతుంది. బకెట్ క్లోనర్ ఈ రెండిటినీ ఒకేసారి ఇస్తుంది. మట్టి లేకుండా, నీళ్లలోకి గాలి కొడుతూ వేర్లు తెప్పించడం. హైడ్రోపోనిక్స్‌లో చిన్న ముక్క అన్నమాట.

మెషిన్ అంటే ఇదే

నాకైన ఖర్చు ఎనిమిది వందల లోపే. మూత ఉన్న 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్ని శుభ్రంగా కడిగా. అక్వేరియం షాపులో చిన్న ఎయిర్ పంప్, సన్న గొట్టం, ఒక ఎయిర్ స్టోన్ కొన్నా. మూతకి పన్నెండు కన్నాలు. పాత యోగా మ్యాట్‌ని గుండ్రటి బిళ్లలుగా కోసి, మధ్యదాకా ఒక గాటు పెట్టా. కొమ్మని ఆ గాటులో ఇరికించి బిళ్లని కన్నంలో బిగిస్తే కదలకుండా నిలబడుతుంది.

బకెట్‌లో నీళ్లు కొమ్మల చివర్లకి తగిలీ తగలనట్టు ఉండాలి. అడుగున ఎయిర్ స్టోన్ నుంచి బుడగలు పైకొచ్చి పగులుతాయి. ఆ తుంపరలు కాడల మీద పడుతూ ఉంటాయి. నీళ్ల పంపుతో స్ప్రే చేసే రకం కూడా ఉంది, అది ఇంకా ఫాస్ట్ అంటారు. కానీ కరెంట్ పోతే అందులో కాడలు గాల్లో వేలాడుతూ ఎండుతాయి. బుడగల రకంలో చివర్లు తడిలోనే ఉంటాయి కాబట్టి కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. మన కరెంట్ సంగతి తెలిసిందే కాబట్టి నేను బుడగలకే ఓటేశా.

ఒక జాగ్రత్త. ఎయిర్ పంప్‌ని ఎప్పుడూ నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేదంటే కరెంట్ పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి వస్తాయి. ఇక కరెంట్ బిల్లు అంటారా, 5 వాట్ల పంప్ నెలంతా ఆగకుండా తిరిగినా నాలుగు యూనిట్లు దాటదు.

మొగ్గలు తుంచిన రోజు

అమ్మమ్మని తీసుకుని అమ్మా నేనూ ఊరెళ్లాం. సాయంత్రం ఎండ దిగాక కొమ్మలు కోశాం. మొత్తం పద్దెనిమిది. ఏవి నిలబడతాయో ముందే చెప్పలేం కాబట్టి లేత చివర్లు, పెన్సిల్ లావువి, బాగా ముదిరినవి, మూడు రకాలూ తీసుకున్నాం. ఒక్కోటి జానెడు. కణుపు కిందగా, పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోత. కణుపు దగ్గర వేర్లు తొందరగా వస్తాయి. పైన రెండు మూడు ఆకులే ఉంచి, వాటినీ సగానికి కత్తిరించాం. ఆకు ఎంత పెద్దదైతే అంత నీరు ఆవిరవుతుంది, తాగడానికి ఇంకా వేర్లు లేవు మరి.

కొన్ని కొమ్మలకి మొగ్గలున్నాయి. వాటిని తీసెయ్యాలి, లేదంటే వేర్లకి పోవాల్సిన శక్తి పువ్వుకి పోతుంది. కత్తెర పట్టుకుని అమ్మమ్మ వైపు చూశా. రోజూ దేవుడికి పెట్టే పూలు, విచ్చుకోకుండానే తుంచడం ఆవిడకి ఇష్టముండదని తెలుసు. ఆవిడే నా చేతిలోంచి కొమ్మ తీసుకుని, ఒక్కో మొగ్గా తనే తుంచి కొంగులో వేసుకుంది.

అప్పుడు చెప్పింది. "ఇది ఈ ఇంటి చెట్టేం కాదే. నా పెళ్లయి కాపురానికొచ్చేటప్పుడు మా అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. మా అమ్మ ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో!"

మా అమ్మకి కూడా ఈ సంగతి తెలీదు. ఇల్లు పోతే చెట్టు పోతుందని మేమంతా అనుకుంటున్నాం. ఆ చెట్టు మాత్రం ఈ ఇంటికంటే ముందు ఇంకో ఇల్లు చూసింది, బహుశా దానికంటే ముందు మరొకటి. ప్రతిసారీ ఒక రెమ్మగానే గడప దాటింది. మేం చేస్తున్నది కొత్త పనేం కాదు. తడిగుడ్డ బదులు బకెట్, అంతే.

మే నెలతో యుద్ధం

తడి కాగితాల్లో చుట్టిన కొమ్మలతో రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చాం. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగా. మందారానికి పిండినల్లి బెడద ఎక్కువ, రెమ్మతో పాటు అదీ వచ్చేస్తుంది. తర్వాత చివర్లు రూటింగ్ జెల్‌లో ముంచి పన్నెండు బకెట్‌లో పెట్టా. మిగిలిన ఆరు మా అమ్మ తీసుకుంది. "మా చిన్నప్పుడు మట్టిలో గుచ్చి వదిలేస్తే వచ్చేవి. దీనికి కరెంట్ ఎందుకే?" అంటూ బాల్కనీ కుండీలో గుచ్చింది.

అసలు శత్రువు వేడి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. పైగా వేడికి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు రెచ్చిపోతాయి. మా హాల్లో మధ్యాహ్నం నీళ్లు 32 డిగ్రీలు! అందుకే ఎండ నేరుగా పడని, వెలుతురుండే కిటికీ దగ్గర పెట్టి, అర లీటరు సీసాల్లో నీళ్లు గడ్డ కట్టించి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి బకెట్‌లో వేసేదాన్ని. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది కాబట్టి బకెట్‌కి నల్ల కవర్ చుట్టా. మూడు రోజులకోసారి నీళ్లు మార్చా. వేర్లు లేని కొమ్మకి ఎరువుతో పని లేదు, అందుకే మంచినీళ్లే.

వారానికి లేత చివర్లు మూడు నల్లబడ్డాయి. తీసి పారేశా. ఒకటి కుళ్లితే నీళ్లన్నీ పాడవుతాయి. పదో రోజుకి మిగతా కాడల మీద తెల్లటి మొటిమలు లేచాయి. బూజు కాదు. కాడ గాలి పీల్చుకునే సన్న రంధ్రాలు తడికి ఉబ్బి అలా కనిపిస్తాయి.

రోజూ రాత్రి ఎనిమిదికి వీడియో కాల్. "వచ్చిందా?" అని అమ్మమ్మ. "ఇంకా లేదు" అని నేను. పదహారో రోజు ఒక పెన్సిల్ లావు కాడకి, కోసిన అంచు పైన, దారప్పోగంత తెల్లటి వేరు కనబడింది. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించా. చాలాసేపు చూసి, "మూత పెట్టెయ్, చలి చేస్తది" అంది. బయట నలభై డిగ్రీలు!

లెక్క

నెల తిరిగేసరికి పన్నెండులో ఎనిమిదికి వేర్లొచ్చాయి. అమ్మ కుండీలో ఆరింటికి రెండు నిలిచాయి. దీంతో మట్టి ఓడిందని నేననను. ఒక బాల్కనీలో, ఒక్క వేసవిలో జరిగిన సంగతి ఇది. తులసి, పుదీనా, తమలపాకు లాంటివాటికైతే బకెట్ అక్కర్లేదు, గ్లాసు చాలు. మొండికేసే కొమ్మలకి, టైమ్ తక్కువున్నప్పుడు, మళ్లీ కోసుకునే అవకాశం లేనప్పుడు బకెట్ పనికొస్తుంది.

వేర్లు రెండు అంగుళాలు కాగానే కొబ్బరిపొట్టు, మట్టి కలిపిన చిన్న కుండీల్లోకి మార్చా. నీళ్లలో పెరిగిన వేర్లు పెళుసు, నొక్కితే విరిగిపోతాయి. వారం రోజులు నీడలో ఉంచి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, రోజూ కాసేపు తీస్తూ గాలికి అలవాటు చెయ్యాలి.

క్లోన్‌కి ఒక బలహీనత ఉంది, అదీ చెప్పాలి. మొక్కలన్నీ ఒకటే కాబట్టి రోగం వచ్చినా అన్నిటికీ ఒకేలా వస్తుంది. ఒకప్పుడు ప్రపంచమంతా ఎగుమతయిన గ్రాస్ మిషెల్ అరటి ఇలాగే పనామా తెగులుకి 1950ల్లో తోటలకి తోటలు పోగొట్టుకుంది. అందుకే అన్నీ ఒకే బాల్కనీలో ఉంచలేదు. విజయవాడకి రెండు, బెంగళూరులో పిన్ని కూతురికి ఒకటి, భీమవరం పెద్దమ్మకి రెండు, కింద ఫ్లాట్ ఆంటీకి ఒకటి పంచేశాం. డాలస్‌లో ఉన్న అన్నయ్య కూడా అడిగాడు గానీ, మొక్క దేశం దాటాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లాంటివి కావాలి. వాడికి ప్రస్తుతానికి ఫొటోలే.

జూన్ నెలాఖరుకి తాళాలు ఇచ్చేశారు. చెట్టు కొట్టేసిన రోజు ఊళ్లో తెలిసినవాళ్లు ఫొటో పంపితే మావయ్య అమ్మమ్మకి చూపించలేదట. ఆవిడా అడగలేదట. ఆ పొద్దున వంటింటి కిటికీలో ఉన్న రెండు కుండీలకీ నీళ్లు పోసి, ఒకదాన్ని ఎదురింటి కొత్త కోడలికి ఇచ్చొచ్చిందట.

మీ ఊళ్లో కూడా ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. పెరట్లో జాజి తీగో, గేటు పక్క గన్నేరో. అమ్మకం కాగితాలు కదలకముందే ఒక్కసారి వెళ్లి నాలుగు రెమ్మలు కోసుకురండి. అది ఎవరు తెచ్చి నాటారో అడగడం మాత్రం మర్చిపోవద్దు. ఆ సంగతి రెమ్మతో పాటు రాదు, అడిగితేనే వస్తుంది.