పరుపు కొనునపుడు

నిరుడు మేమొక పరుపు కొంటిమి. పైగుడ్డమీది పూలను చూచి మురిసితిమే కాని లోపలి దూదిని విచారింపమైతిమి. నడుమునొప్పిగల మా అత్తగారికి దానిని వేసితిమి. నెల తిరుగకమున్నే, ఒక అర్ధరాత్రివేళ మేల్కాంచి చూడగా, ఆమె నేలపై చాపమీద పరుండి యుండిరి.

“అబ్బాయి జీతములో మిగిల్చి కొన్నది గదా, అమ్మాయీ! బాగులేదని యెట్లందును?” అనిరి. మేము సిగ్గుపడితిమి.

మరునాడు కుట్టు విప్పితిమి. పైని పలుచగా తెల్లదూది. లోపల గుడ్డపీలికలు, మిల్లుచెత్త!

సోదరీమణులారా! బూరుగుదూది తేలికైనది, మెత్తనిది. కాని త్వరలో నలిగి అణగిపోవును. పత్తిదూది బరువైనను నడుమున కూత నిచ్చును. గట్టిపడినప్పుడు మరల ఏకించి కుట్టించుకొనవచ్చును. కావున మేము 10 కిలోల పత్తిదూదిని తూకము వేయించి, కన్నులయెదుటనే ఏకించి, 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున దట్టమైన గుడ్డలో కుట్టించితిమి. వెల మొదటిదానికంటె ఎక్కువే. కాని మొదటిది నెలకే పాడయ్యెను గదా!

సిద్ధముగానున్న పరుపు కొనువారు ఒక మూల కుట్టు విప్పి చూపుమని యడుగుడు. చూపనివానియొద్ద కొనకుడు.

ఇప్పుడు అత్తగారు తెల్లవారుదాక నిద్రించుచున్నారు. చాప గోడకు చేరబడియున్నది.