మారే కాలాలు – మూగ ప్రాణులు

కాలం మారినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి సర్దుకుంటాము. వేసవికి కొత్త కుండ కొంటాము, వానలకు గొడుగులు దులుపుతాము, చలికి పెట్టెలోని దుప్పట్లు తీస్తాము. మరి మన గుమ్మంలో పడుకొనే మూగప్రాణి సంగతి ఏమిటి? మా ఇంట ఒక నాటు కుక్క, ఒక పిల్లి పెరుగుతున్నాయి. వాటిని సాకుతూ మేము గ్రహించినది ఒకటే. మనకు మేలు చేసే వస్తువే వాటి ప్రాణం మీదికి తేవచ్చు. చెప్పుకొనే నోరు వాటికి లేదు గనుక ముందుచూపు మనకే ఉండాలి.

మొదట వేసవి. మేముండే పల్నాడులో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. మనకు ఒళ్లంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగునే. నాలుక చాచి రొప్పడమే దానికున్న దారి. అందుచేత మట్టి మూకుడులో నీళ్లు నీడన ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు మారుస్తాము. షికారుకు తెల్లవారుజామునే తీసుకువెళ్తాము. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, విసురుతూ డాక్టరు గారి దగ్గరకు తీసుకుపోవాలి.

వానలతో పిడుదులు వస్తాయి. మా వైపు కొందరు గోమార్లంటారు. అవి రక్తం పీల్చడమే కాక జ్వరాలు కూడా అంటిస్తాయి. రోజూ సాయంత్రం మా పిల్లలు కుక్క చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో వెదుకుతారు. ఒక హెచ్చరిక: కుక్కల పిడుదుల మందును పిల్లికి పూయవద్దు. అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి చనిపోవచ్చు.

వానలకు ఎలుకలూ ఇంట్లో చేరతాయి. మా వీధిలో ఒక కుటుంబం వారు బియ్యం బస్తాల చాటున ఎలుకల మందు పెట్టారు. వారి కుక్క దానిని తిన్నది. రెండు రోజులు మామూలుగానే తిరిగింది. నాలుగో రోజున చిగుళ్లు తెల్లబడి, ముక్కు వెంట రక్తం కారింది. ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. ఈ మందుల్లో చాలావాటికి రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ఉన్నదనీ, ఆ ఫలితం కొన్ని రోజులకు గానీ బయటపడదనీ, తిన్న రోజునే తీసుకువస్తే విటమిన్ కె1తో బ్రతికించే అవకాశం ఉండేదనీ డాక్టరు గారు చెప్పారు. ఆ ఇంటి చిన్నబాబు ఎన్నాళ్లో ఆ గిన్నెను తీయనివ్వలేదు. అందుకే మా ఇంట్లో మందుకు బదులు ఎలుకల బోను పెట్టుకున్నాము.

దీపావళి రాత్రి టపాసుల మోత మనకంటే కుక్కకు ఎక్కువ బాధ. దానిని లోపలి గదిలో ఉంచి, తలుపులు మూసి, ఎవరో ఒకరు తోడుంటాము.

ఇక చలికాలం. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కుక్కకూ పిల్లికీ విషమే. క్రిస్మస్ కేకులోని ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను పాడుచేయవచ్చు. చాక్లెట్ దాని గుండెకూ నరాలకూ కీడు. పండుగ పూట ముద్దుగా ముక్క పెట్టబోయే చుట్టాలను నొచ్చుకోకుండా వారించి, ఉప్పూ ఉల్లీ లేని అన్నం ముద్ద వారి చేతికే ఇస్తాము. జలుబు చేసిందని పిల్లికి పారాసిటమాల్ వేయరాదు. ఒక్క బిళ్లే దానిని చంపగలదు.

అన్ని కాలాలకూ చెందినది రేబిస్ టీకా. డాక్టరు గారు చెప్పిన గడువు తప్పకుండా వేయించండి. అది కుక్కనే కాదు, మన పిల్లలనూ కాపాడుతుంది. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రియ పాఠకులారా, కాలం మారిన ప్రతిసారీ ఒక్కమారు నేల మీద కూర్చుని మీ ఇంటిని చూడండి. కుక్క మూతికి, పిల్లి పంజాకు అందే ఎత్తులో ఏమేమి ఉన్నవో అప్పుడు కనబడుతుంది. మనం పెట్టినది నమ్మి తినే ప్రాణికి ఆ మాత్రం శ్రమపడటం న్యాయమే గదా!