అబ్బా రోజ్‌నామ్చాలో ‘కల్’

2023 మార్చి 16, జుమేరాత్. సాయంత్రం ఆఫీసులో ఉండగా ఆపా దగ్గర్నుంచి వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఆమె ఉండేది వికారాబాద్ దగ్గరి పల్లెలో. వీడియోలో ఊరి బాట తెల్లగా ఉంది, పక్కన చేను తెల్లగా ఉంది, పిల్లలు గిన్నెలు పట్టుకుని ఓలే ఏరుకుంటున్నారు. కింద ఆపా రాసింది: “కశ్మీర్ దేఖ్ లే చోటూ.”

ఆ రాత్రి పేజీలో ఆ వార్త రాసింది నేనే. ఉపరితల ద్రోణి, ఈదురుగాలులు, రాళ్లవాన, నష్టపోయిన రైతులు. ఏటా మార్చిలో ఈ మాటలనే అటూ ఇటూ మార్చి రాస్తాం. కానీ వార్త పంపేశాక కూడా ఆ వీడియోనే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఇదే ఓలే వల్ల, ఇదే ఇంటివాళ్లు, ముప్పై ఏళ్ల కింద మా ఆపాను ఒక మాట అన్నారు.

ఇంటికొచ్చి అబ్బా పెట్టె తీశాను.

మా అబ్బా రైల్వేలో, పట్టాల పని చూసే ఆఫీసులో గుమస్తా. ఎండకు పట్టా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, అందుకని వాళ్లకు పట్టా ఎంత వేడెక్కిందో కూడా లెక్కే. ఆ అలవాటు ఇంటికి తెచ్చుకున్నాడు. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య దొరికిన థర్మామీటర్ ఒకటి చిలకలగూడ ఇంట్లో, ఎండ తగలని గోడకు, తన ఛాతీ ఎత్తున మేకు కొట్టి తగిలించాడు. బేగంపేట వాతావరణ కేంద్రంలో అయితే చెక్క రెక్కల తెల్లపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున పెడతారు, పొద్దున ఎనిమిదిన్నరకు లెక్క చూస్తారు. అబ్బాకు పెట్టె లేదు. డ్యూటీ వేళ వల్ల ఎనిమిదిన్నరా కుదరదు. ఫజర్ చదివి వచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, రైల్వే వాళ్ల పాత డైరీల్లో ఉర్దూలో రాసేవాడు. దాన్ని ఆయన రోజ్‌నామ్చా అనేవాడు. అందులో జీతం లేదు, అప్పు లేదు, మా గురించి లేదు. మౌసమ్ ఒక్కటే.

ఆ రాత షికస్తా. ఉర్దూ మీడియంలో చదివిన నాకే కళ్లకు శ్రమ. నా పిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగులో డిగ్రీ చేసి తెలుగు పేపర్లో బతుకుతున్న నేను తప్ప మా ఇంట్లో ఆ డైరీలు చదివేవాళ్లు ఇక లేరు.

ఫిబ్రవరి, మార్చి పేజీల్లోనే ఆయన కలం ఎక్కువ నడిచింది. మేలో ఏముంటుంది, ‘గర్మీ’ అని ఒక్క ముక్క. కానీ చలి పోయి ఎండ పూర్తిగా రాని ఆ ఆరేడు వారాలు మన సికింద్రాబాద్‌లో ఏ రోజుకు ఆ రోజే. సముద్రం దూరం, దక్కన్ పీఠభూమి మీద ఎత్తున ఉన్నాం, నేల పొడిగా ఉంటుంది. అందుకని రాత్రి త్వరగా చల్లబడుతుంది, పగలు త్వరగా కాగుతుంది. ఫజర్‌కు శాలువా, జొహర్‌కు ఫ్యాను. ‘గులాబీ జాడా’ అని రాసేవాడు ఆ లేత చలిని. మబ్బు లేకపోతే ‘మత్లా సాఫ్’, ఉంటే ‘అబర్ ఆలూద్’. రేడియోలో ఉర్దూ ఖబర్లు విన్న ఇళ్లవాళ్లకు ఈ మాటలు చెవిలోనే ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పక్కింటి అవ్వ చెప్పిన సామెతను కూడా ఒకచోట ఉర్దూ లిపిలో రాసి, పక్కన ‘ఈసారి పోలేదు’ అని చేర్చాడు.

గాలి దిక్కు మాత్రం ఏ రోజూ మానలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. మార్చిలో మన మీదికి రెండు గాలులు వస్తాయి. పడమర, వాయవ్యం నుంచి పొడిగాలి. తూర్పు, ఆగ్నేయం నుంచి బంగాళాఖాతం తేమ మోసుకొచ్చే గాలి. విదర్భ నుంచి దక్షిణానికి ద్రోణి సాగినప్పుడు ఆ రెండూ మన నెత్తిన కలుస్తాయి. కాగిన నేల ఆ తేమను పైకి నెడుతుంది, మబ్బు నిలువునా పెరుగుతుంది. లోపల చినుకు గడ్డకట్టి, పైకి విసిరేసినప్పుడల్లా ఇంకో పొర మంచు పట్టి, గాలి మోయలేనంత బరువయ్యాక రాలిపోతుంది. అదే ఓలే. ఇందులో ఎవరి ఖదమ్ ఏముంది?

ఆ మాట చెప్పాలి ఇక. ఆపా షాదీ మార్చిలోనే. నాకప్పుడు పదమూడేళ్లు. బస్తీ మైదానంలో షామియానా. నిఖాకు కాసేపటి ముందు గాలి లేచింది, తర్వాత ఓలే. పది నిమిషాలే. గుడ్డ చిరిగి దేగ్‌ల మీద పడింది, దుల్హా సెహ్రా తడిసి ముద్దయింది. ఆపా అత్తగారు అందరూ వినేలా “మన్‌హూస్ ఖదమ్” అంది. ఆమె ఇప్పుడు లేరు, అల్లా మగ్ఫిరత్ కరే. కానీ ఆ మాట ఆపా వెంట చాలా ఏళ్లు వికారాబాద్‌లో కాపురం చేసింది. బర్రె చచ్చిపోయినా అదే మాట, బావకు ఉద్యోగం రాకపోయినా అదే మాట.

నేను డైరీల్లో వెతికింది దీనికోసమే. ఆపా షాదీకి ముందు మార్చిల్లో రెండుచోట్ల ‘ఓలే’ కనిపించింది. తర్వాతి ఏళ్లలో ఇంకో రెండుచోట్ల. సబూత్ దొరికిందని, పొద్దున్నే ఆపాకు చదివి వినిపించాలని సంబరపడ్డాను.

అప్పుడు కనిపించింది ఇంకోటి. పాత డైరీల్లో ప్రతి పేజీలో గాలి దిక్కు కింద చిన్న గడి, దాని మీద ‘కల్’ అని. ఉర్దూలో కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది కదా, నిన్నటి లెక్క కాబోలనుకుని పట్టించుకోలేదు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, అది రేపటిది. అబ్బా అందాజా. షాదీ ముందురోజు పేజీ తీశాను. గాలి: తూర్పు. ఉమస్. కల్: ‘శామ్ కో బారిష్, షాయద్ ఓలే.’

షాదీ రోజు పేజీ కూడా ఉంది. బిడ్డ నిఖా నాడు కూడా రాశాడు మనిషి! ఓలే, పది నిమిషాలు, వేడి ఎంత పడిపోయిందో. కింద ‘కల్’ గడి ఖాళీ. మర్నాడు ఖాళీ. ఆ తర్వాత గడి గీయడమే లేదు. ఇరవై ఏళ్లకు పైగా రాశాడు, మళ్లీ ఒక్కసారీ గీయలేదు.

నా చిన్నప్పుడు గల్లీ ఆడవాళ్లు అప్పడాలు ఎండబెట్టే ముందు “చాచా, కల్ కైసా రహతా?” అని అడిగేవారు, అబ్బా చెప్పేవాడు. తర్వాత్తర్వాత “కల్ కా అల్లా జానే” అనడం మొదలుపెట్టాడు. వయసుతో దీన్‌దారీ పెరిగిందనుకున్నాం.

ఇత్వార్ నాడు ఆపాకు ఫోన్ చేశాను. ఓలే లెక్క చెబితే నవ్వింది. “ఇప్పుడెవరికి చూపిస్తావురా ఆ కాగితం?” అంది. ‘కల్’ గడి సంగతి చెప్పాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

“మెహందీ రాత్రి నా దగ్గరకొచ్చాడు,” అంది తర్వాత. “రేపు వాన పడేటట్టుంది బేటీ, ఏదైనా హాల్ అడగనా అన్నాడు. హాల్‌కు పైసలెక్కడివి? అప్పటికే అమ్మీ గాజులు కుదువ పెట్టారు. నక్కో అబ్బా, మీ అందాజాలు ఎప్పుడైనా నిజమయ్యాయా అన్నాను. ఊరికే అన్నాను. ఆయన లెక్క తప్పదని నాకు తెలుసు.”

అబ్బా ఆ గడి ఎవరి మాటకు మానేశాడో, అత్తగారి మాటకా, ఆపా మాటకా, తనకు తెలిసీ చేయలేకపోయినందుకా, నాకు తెలియదు. ఆపాకు కూడా తెలియదు. ఇద్దరం దాని మీద ఎక్కువ మాట్లాడలేదు.

రంజాన్ ఇంకో నాలుగైదు రోజుల్లో ఉంది. ఆపా సేవయ్యాల పనిలో ఉంది, కోడలితో కలిసి పిండి కలిపి పెట్టిందట. మధ్యలో ఎవరినో కేకేసి, మళ్లీ ఫోన్లోకొచ్చి అడిగింది: “ఆ ముచ్చట పోనీ. కల్ కైసా రహతా చోటూ? మిద్దె మీద ఆరేయనా?”

ఫోన్ చెవికి పెట్టుకునే మేడ మీదికి వెళ్లాను. పక్కింటి తీగ మీద బట్టలు పడమటి వైపు ఊగుతున్నాయి. చెమట ఆరడం లేదు.

“వద్దు ఆపా,” అన్నాను. “తూర్పు గాలి ఉంది. రెండు రోజులు ఆగు.”