సంగమం ఒడ్డున పొయ్యి వెలిగించే ముందు

ఫజ్ర్ నమాజు ముగించుకొని మూడు కుటుంబాల వారం ఒకే వ్యానులో విజయవాడ నుండి బయలుదేరాము. గొల్లపూడి దాటి హైదరాబాదు రహదారిపై కొంత దూరం సాగగానే నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపించాయి. 1979లో తొలి యూనిట్‌తో పని మొదలుపెట్టిన ఆ కేంద్రమే దూరపు ప్రయాణికులకు ఇబ్రహీంపట్నం ఆనవాలు. మా పిల్లల మనసు మాత్రం పక్కనున్న కొండపల్లి మీదనే ఉంది. ఎండ ముదరకముందే కోట ఎక్కి దిగాము. తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగు అంబారీని, ఎడ్లబండిని బొమ్మల కాలనీలో కొనుక్కొని వారు సంతోషించారు.

జుహర్ నమాజు ఇబ్రహీంపట్నంలోని ఒక మసీదులో చేసుకొని ఫెర్రీ వద్ద కృష్ణ ఒడ్డుకు చేరాము. పట్టిసీమ నుండి ఎత్తిపోసిన గోదావరి జలాలు 2015లో ఈ ప్రాంతంలోనే కృష్ణమ్మను కలిశాయి. వందల కిలోమీటర్ల దూరం వేర్వేరుగా సాగే రెండు నదుల నీరు ఒకచోట కలిసిందంటే ఆగి చూడాలనిపిస్తుంది. ఘాట్‌కు దూరంగా, చెట్ల నీడన చాపలు పరిచాము. రాత్రే మసాలా పట్టించిన మాంసం, ఇనుప జాలీ, ఐదు కిలోల సిలిండర్, చిన్న పొయ్యి కిందికి దించాము.

మాలో ఒక యువకుడు రెగ్యులేటర్ బిగించి మీట తిప్పాడు. ఘాటైన వాసన వచ్చింది. గాలికి పోతుందిలే అనుకుంటూ అగ్గిపెట్టె తీశాడు.

"ఆగు బేటా! పుల్ల గీయకు. ముందు మీట కట్టెయ్, పిల్లల్ని దూరంగా పంపు" అని దాదీమా గట్టిగా అన్నారు.

మీట కట్టేసి, రెగ్యులేటర్ విడదీసి చూస్తే సంగతి తెలిసింది. సిలిండర్ వాల్వు లోపల ఉండవలసిన రబ్బరు వాషరు పగిలి ఉంది. ఇంటి దగ్గర ఎవరూ చూడలేదు. తప్పు మాదే.

ఆ వాసన గురించి ఒక మాట చెప్పుకోవాలి. వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. కారితే మనిషికి తెలియాలని మెర్కాప్టన్ అనే పదార్థాన్ని కలుపుతారు. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఈ వాయువు గాలికంటే బరువైనది. అందుచేత అది పైకి ఎగిరిపోదు. నేల వెంట పాకి పల్లంలోనూ, వ్యాను అడుగునా నిలుస్తుంది. పది అడుగుల దూరాన గీసిన పుల్ల కూడా దానిని అంటించగలదు.

సిలిండర్ లోపల గ్యాస్ ఒత్తిడితో ద్రవరూపంలో ఉంటుంది. ఎండ పెరిగేకొద్దీ ఆ ఒత్తిడి కూడా పెరుగుతుంది. రెగ్యులేటర్‌లోని స్ప్రింగు, రబ్బరు పొర దానిని బాగా తగ్గించి పొయ్యికి నిలకడగా అందిస్తాయి. పెళ్లి వంటల పెద్ద పొయ్యిలకు వాడే అధిక పీడన రెగ్యులేటర్‌ను ఇంటి పొయ్యికి తగిలిస్తే మంట అదుపు తప్పుతుంది. సిలిండర్ నెత్తిన బర్నరు బిగించి, మధ్యలో రెగ్యులేటరే లేకుండా అమ్మే చిల్లర పొయ్యిలు మరింత ప్రమాదకరం. పాడైన రెగ్యులేటర్‌ను విప్పి బాగుచేయరాదు, మార్చుకోవాలి.

ఇంటి నుండి కదలకముందే వాషరును, గొట్టాన్ని చూసుకోవాలి. లోపల తీగ అల్లిన నారింజ రంగు సురక్షా గొట్టాన్నే వాడాలి. దానికీ గడువు ఉంటుంది. సిలిండర్ పిడి కింది పట్టీపై ఆంగ్ల అక్షరం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్ వరకు గడువు. అది దాటితే తీసుకోకూడదు. బిగించాక అతుకుల వద్ద సబ్బు నురుగు రాయాలి. బుడగలు లేస్తే గ్యాస్ కారుతున్నట్లే. అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించరాదు. సిలిండర్‌ను సమతలంపై నిలువుగా ఉంచాలి. నది గాలికి అడ్డంగా రేకులు పెట్టినప్పుడు సిలిండర్ ఆ రేకులకు బయటే ఉండాలి. లేదంటే వేడి దానికే తగులుతుంది. వాన పడినా సరే, వ్యానులో గాని గుడారంలో గాని పొయ్యి వెలిగించరాదు. ఆరినట్లు కనిపించే బొగ్గుల కుంపటిని కూడా లోపల పెట్టరాదు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రైలు ప్రయాణంలో గ్యాస్ సిలిండర్ పూర్తిగా నిషిద్ధం. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో, లక్నో నుండి వచ్చి ఆగి ఉన్న యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిది మంది మరణించారు. అక్రమంగా తెచ్చిన సిలిండరే కారణమని రైల్వే ప్రకటించింది. వారు కూడా మనలాగే ఇంటి వంట రుచిని వెంట తీసుకుపోదామనుకున్న వారే.

నిద్రించే ముందు నిప్పు ఆర్పివేయమని దైవప్రవక్త (స) తన అనుచరులకు ఆదేశించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ కాలిపోయిన సందర్భంలో నిప్పు మనకు శత్రువని హెచ్చరించారు. ఆ హెచ్చరిక దీపాల కాలానికే పరిమితం కాదు.

మేము సిలిండర్‌కు మూత బిగించి, నీడన విడిగా నిలబెట్టాము. కబాబులు కాలలేదు. పిల్లలు కాసేపు ముఖం ముడుచుకున్నారు. రహదారి పక్క హోటల్ నుండి పరోటాలు తెచ్చుకొని, బిస్మిల్లాహ్ అని చాప మీద అందరం కలిసి తిన్నాము. మాంసం మంచుపెట్టెలోనే ఇంటికి తిరిగివచ్చి, ఆ రాత్రి మా వంటింట్లో ఉడికింది. గ్యాస్ కారితే పిలవవలసిన 1906 నంబరును దాదీమా అప్పుడే పిల్లల చేత వంటింటి గోడ మీద రాయించారు.

వెళ్లినవారందరమూ తిరిగివచ్చాము. అల్‌హమ్దులిల్లాహ్, ప్రయాణం సఫలమైందనడానికి అంతకన్నా ఏం కావాలి?