అయిదు గంటల ప్రయాణం



మా సంఘంలో ఇంచుమించు ప్రతి వీధి నుండీ ఎవరో ఒకరు గల్ఫ్ దేశాలలో ఉన్నారు. గోదావరి పల్లెలలో ఇది కొత్త సంగతి కాదు. అందుచేత "కువైట్ ఎంత దూరం?" అని పిల్లలు అడిగితే మేము తడుముకోకుండా చెప్పేవారము. హైదరాబాదు నుండి ఆకాశమార్గాన దాదాపు 3,400 కిలోమీటర్లు. వెళ్ళడానికి సుమారు అయిదు గంటలు. పైగాలులు చాలాకాలం పడమటి నుండి వీస్తాయి గనుక రావడానికి కొంచెం తక్కువే. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ రాత్రి 10 గంటలకు బయలుదేరితే తెల్లవారి 5 గంటలకు హైదరాబాదులో దిగవచ్చు. మా ఊరి నుండి హైదరాబాదుకు బస్సులో రాత్రంతా పడుతుంది. "హైదరాబాదుకన్న కువైటే నయం" అని నవ్వుకునేవారము.

2018 వేసవిలో మా నవ్వు పోయింది. సంఘంలో ఒక తల్లి తెల్లవారుజామున కన్నుమూసింది. ఒక్కగానొక్క కూతురు కువైట్‌లో ఒక ఇంట పనిచేస్తోంది. కబురు పంపాము. ఐస్ పెట్టె తెప్పించి రెండు రోజులు ఎదురుచూశాము. మూడవ రోజున భూస్థాపన జరిపించాము. "డబ్బు రుచి మరిగాక అమ్మ ఎందుకు గుర్తుంటుంది?" అని సమాధి దగ్గర కొందరు గొణిగారు. మేము వారించలేదు. పైగా, "అయిదు గంటల ప్రయాణమే కదా" అని మేమే అన్నాము.

పన్నెండవ రోజు ఉదయం ఆమె బస్సు దిగింది. తిన్నగా సమాధి దగ్గరకు వెళ్ళి, ఆ తరువాత మా గుమ్మంలో వచ్చి కూర్చుంది. "ఇంత ఆలస్యమైందేమమ్మా?" అని అడిగాము.

"అయ్యగారూ, విమానం ఎక్కాక నాలుగున్నర గంటలే. ఎక్కడానికే పది రోజులు పట్టింది."

పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. ఆయన ఊళ్ళో లేడు. వచ్చాక, వేరే మనిషి దొరికేదాకా ఆగమన్నాడు. టికెట్టుకు తోటి పనివారు తలా కొంత వేసుకున్నారు. తల్లి ముఖాన్ని ఆమె చివరిసారి ఫోను వీడియోలో, వంటింట్లో నిలబడి చూసుకుంది. ఇంటిపనివారి పాస్‌పోర్టును యజమాని ఉంచుకోరాదని ఆ దేశంలో 2015లోనే చట్టం చేశారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. అప్పటికి మాకూ తెలియదు.

మరుసటి ఆదివారం సంఘం ఎదుట నిలబడి, సమాధి దగ్గర మేమన్న మాటకు ఆమెను క్షమాపణ అడిగాము.

ఇప్పుడు మా ఊరి నుండి ఎవరు బయలుదేరినా, ప్రార్థన ముగిశాక ఒక కాగితం రాయించుకుంటున్నాము. యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు. దానికి పాస్‌పోర్టు నకలు జతచేస్తాము. ఒకటి వారి దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి మా దగ్గర.

మీ ఇంటివారు దూరదేశంలో ఉంటే ఈ పని నేడే చేయండి. విమానం ఎన్ని గంటలు ఎగురుతుందో ఎవరైనా చెబుతారు. ఆ విమానం మెట్టు దాకా రావడానికి మన బిడ్డకు ఎన్నాళ్ళు పడుతుందో ఆ బిడ్డనే అడగాలి. అది అడగకుండా ఎవరి ప్రేమనూ కొలవవద్దు.