పాదిరి సాబ్ కోసం

మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకోవడం అలవాటు. పాస్టరు గారు అడుగుతారు, కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెబుతారు. ఒకామెకు మోకాళ్ళ నొప్పి. ఒకరి మిరప చేనుకు తెగులు. ఒకరి బిడ్డకు పదో తరగతి పరీక్షలు. కొన్నేళ్ళుగా "మిలిటరీలో ఉన్న మన పిల్లలు" అనే మనవి కూడా చేరింది. ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర చదువుకున్నవాళ్ళలోనే ముగ్గురు సైన్యంలో ఉన్నారు.

పోయిన చలికాలంలో ఆ ముగ్గురిలో ఒకడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. ఎక్కడున్నాడో చెప్పడు, చెప్పకూడదు కూడా. మంచు కొండల్లో అని మాత్రం తెలుసు. "టీచర్, ఈ ఆదివారం నా పేరు వద్దు. మా పాదిరి సాబ్ పేరు చెప్పండి" అన్నాడు. ఆయనకేమైందిరా అంటే చెప్పాడు. పాదిరి సాబ్‌ది జార్ఖండ్, ఓరావు ఆదివాసి. ఊళ్ళో తండ్రి చనిపోయాడు. దారులు మంచుతో మూసుకుపోయి కొండ దిగలేకపోయాడు. ఆ వారమే దళంలో ఒక జవాను చనిపోతే, అంత్యక్రియల ప్రార్థన ఆయనే చేయించాడు. తన తండ్రికి చేయలేనిది ఇంకొకరి కొడుక్కి చేశాడు. "అందరం ఆయన దగ్గరికే పోతాం టీచర్. ఆయన ఎవరి దగ్గరికి పోతాడు?" అన్నాడు మావాడు.

వాడు నా దగ్గర అయిదో తరగతి చదివినప్పుడు ఇంత పెద్ద ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

సైన్యంలో పాదిరి ఉంటాడన్న సంగతే మనలో చాలామందికి తెలియదు. అందుకని కొంచెం వివరంగా రాస్తాను. భారత సైన్యంలో వీళ్ళను మత బోధకులు అంటారు. పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదిరి, బౌద్ధ భిక్షువు ఇలా విడివిడిగా తీసుకుంటారు. చేరగానే నాయబ్ సుబేదారు హోదా ఇస్తారు. డిగ్రీ ఉండాలి. పాదిరి అయితే తన సంఘం నుంచి అభిషేకం పొంది ఉండాలి, బిషప్ ఆమోదం కూడా ఉండాలి. దేవుడి పని కదా అని శరీరానికి మినహాయింపు లేదు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అన్ని మతాల బోధకులకూ పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో కలిపి శిక్షణ ఇస్తారు. చాలా దళాల్లో 'సర్వధర్మ స్థల్' అని ఒకటి ఉంటుంది. ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనా జరుగుతుంది.

ఇక వాళ్ళ పనులు చూడండి. దళంలో పూజలు, ప్రార్థనలు జరిపించాలి. చనిపోయినవాళ్ళ అంత్యక్రియలకు పోవాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను పలకరించాలి, కోలుకుంటున్నవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చదవాలి. శిక్ష పడి లోపల ఉన్న జవాన్లను చూసి రావాలి. పిల్లలకు బోధించాలి. జవాన్ల కుటుంబాలను కనిపెట్టుకుని ఉండాలి. ఇవన్నీ ఉద్యోగ ప్రకటనలోనే ఉంటాయి. అందులో లేని పని ఇంకొకటి ఉందని మావాడి మాటల్లో తెలిసింది. ఇంటి నుంచి చెడ్డ కబురు వచ్చిన జవాను రాత్రిపూట పోయి తలుపు తట్టేది ఆ గదికే. భార్యతో గొడవలు, అప్పులు, పై అధికారి మీద కోపం, బతకాలని లేదన్న మాట, అన్నీ ఆ మనిషి చెవిలో పడతాయి. విన్నది ఇంకొకరికి చెప్పడానికి లేదు. వార్డెన్ డ్యూటీ చేసిన టీచర్లకు ఇది కొంత తెలుసు. హాస్టల్లో పిల్ల రాత్రి పన్నెండింటికి వచ్చి చెప్పిన మాటను మనం తెల్లారి స్టాఫ్ రూములో చెప్పం. కానీ మనకు సెలవులుంటాయి, ఇల్లుంటుంది.

సైన్యపు పాదిరుల గురించి పుస్తకాల్లో చదివితే ఎక్కువగా చనిపోయినవాళ్ళ కథలే దొరుకుతాయి. 1943 ఫిబ్రవరి 3న గ్రీన్‌లాండ్ దగ్గర డార్చెస్టర్ అనే అమెరికా ఓడ మునిగినప్పుడు అందులో నలుగురు బోధకులున్నారు. ఒక మెథడిస్టు, ఒక రిఫార్మ్‌డ్ చర్చి పాస్టరు, ఒక కథోలిక గురువు, ఒక యూదు రబ్బీ. తమ లైఫ్ జాకెట్లు విప్పి పక్కవాళ్ళకిచ్చి, ఓడతో పాటు మునిగిపోయారు. ఎమిల్ కపాన్ అనే కథోలిక గురువు కొరియా యుద్ధంలో బందీగా దొరికాడు. శిబిరంలో తిండి లేని తోటి బందీలకు ఎక్కడెక్కడి నుంచో తిండి తెచ్చి పెడుతూ 1951 మేలో అక్కడే చనిపోయాడు. ఆయన ఎముకలను గుర్తించింది 2021లో. ఇవి గొప్ప కథలే, పిల్లలకు నేనూ చెబుతాను. అయితే చనిపోయిన బోధకుడికి మన ప్రార్థనతో పని లేదు. బతికున్నవాడికి ఉంది. వాడికి కాళ్ళు చలికి పగులుతాయి. భార్య ఒకచోట, తానొకచోట. బదిలీ అయినప్పుడల్లా పిల్లలు బడి మారతారు. పదిమందికి ఓదార్పు చెప్పి గదికి వచ్చాక నిద్ర పట్టదు. పై హోదా అధికారికీ కింద జవానుకూ మధ్యలో ఉంటాడు కాబట్టి నోరు విప్పి మాట్లాడుకునే స్నేహితుడు దొరకడం కష్టం.

అందుకే ఆ ఆదివారం నేను లేచినప్పుడు "పాదిరి సాబ్‌ను దీవించు ప్రభువా" అని ఊరుకోలేదు. మావాడు చెప్పినవన్నీ ఒక చీటీ మీద రాసుకుని చదివాను. తండ్రి పోయిన దుఃఖం. దారి తెరిచేదాకా ఓపిక. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లి. నిద్ర. ముసలవ్వ ఒకామె వెంటనే "కొడుకా, కాళ్ళకు మేజోళ్ళు లేకుండా తిరగకు" అని ఆయనతోనే మాట్లాడుతున్నట్టు ప్రార్థన మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి.

అందరూ అలా చెయ్యలేదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు భయపడి గోదావరి ఇవతలికి వచ్చేసిన కోయ కుటుంబాలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒక అక్క మా చర్చికి వస్తుంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఆరాధన అయ్యాక బయట చింత చెట్టు కింద నన్ను ఆపి, "తుపాకుల వాళ్ళ కోసం నేనెందుకు అడగాలి?" అంది. ఆ అక్క చూసినవి నేను చూడలేదు. వాదించే హక్కు నాకు లేదు. పాదిరి పని తుపాకీ పని కాదని మాత్రం చెప్పాను. 1949 జెనీవా ఒప్పందాల ప్రకారం బోధకుడిని యుద్ధం చేసే మనిషిగా లెక్కపెట్టరు. శత్రువు చేతికి చిక్కినా ఆయనను యుద్ధ ఖైదీగా చూడకూడదు. తనవాళ్ళ మధ్యే ఉండి బోధించుకోనివ్వాలి. అమెరికా సైన్యంలో అయితే బోధకులు ఆయుధమే పట్టరు. అక్క అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ అయ్య వాళ్ళకు మంచీ చెడూ చెబుతాడా? ఇది చెయ్యొద్దు అని చెబుతాడా?" అంది. చెప్పాలి, అదే ఆయన పని అన్నాను. "అయితే ఆయన నోటికి ధైర్యం ఇవ్వమని అడుగుతా. ఇంకేం అడగను" అంది.

నా చీటీలో ఆ మనవి లేదు. జీతం ఇచ్చేవాళ్ళ ముందు, తుపాకీ ఉన్నవాళ్ళ ముందు నిజం చెప్పగలిగే ధైర్యం. సైన్యపు బోధకుడికి కావలసిన వాటిలో ఇది చలి మేజోళ్ళ కంటే ముందు రావాలని నాకిప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు నుంచి చీటీలో మొదటి వరుస అక్కదే.

ఇంకొకటి భాష. మావాడు ఇంట్లో కోయ, బడిలో తెలుగు, సైన్యంలో హిందీ మాట్లాడతాడు. పాదిరి సాబ్ ఇంట్లో కుడుఖ్ మాట్లాడి, దళంలో హిందీలో ప్రార్థన చేయిస్తాడు. ఇద్దరూ తమది కాని భాషలో ఒకరి దుఃఖం ఒకరికి చెప్పుకుంటున్నారు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధానికి ఛోటానాగ్‌పూర్ నుంచి ఓరావులు, ముండాలు, ఈశాన్య కొండల నుంచి నాగాలు, లుషాయిలు, ఖాసీలు కూలి దళాలుగా ఫ్రాన్స్‌కు వెళ్ళారు. వాళ్ళ భాషలు తెలిసినవాళ్ళు కావాలని మిషనరీలను వెంట పంపారు. నూరేళ్ళ కిందట తెల్లదొరలకు కూడా అర్థమైన సంగతి ఇది. అందుకే మావాడికి ఫోన్‌లో ఒకటి చెప్పాను. పాదిరి సాబ్‌కు ఏదైనా చెప్పుకోవాలనిపించినప్పుడు ఆయనను కుడుఖ్‌లోనే చెప్పనివ్వు, నీకు అర్థం కాకపోయినా పక్కన కూర్చో అని. కోయ, కుడుఖ్ రెండూ ద్రావిడ భాషలే. ఒకటీ రెండు మాటలు తగలకపోవు. "నిన్న ఒక మాట తగిలింది టీచర్" అని మావాడు తర్వాత వారం మెసేజ్ పెట్టాడు. ఏ మాటో చెప్పలేదు.

ఈ సంగతులన్నీ ఇంట్లో మా నాన్న వింటూ ఉంటాడు. ఆయన చర్చికి రాడు. అమ్మ చర్చి, నాన్న వేల్పులు, ఇల్లు ఒకటే. దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనుల కోసం వచ్చిన హేగ్ అనే ఇంగ్లీషు సైనిక ఇంజినీరు చొరవతో 1860 ప్రాంతంలో ఇక్కడి కోయల మధ్య మిషన్ మొదలైంది. అమ్మ తరఫువాళ్ళు ఆ కాలం నుంచీ క్రైస్తవులు. నాన్న తరఫు ఇప్పటికీ మేడారం పోతారు. పాదిరి సాబ్ కోసం చర్చిలో అడిగామని చెబితే నాన్న ఆశ్చర్యపోలేదు. పండగ ముందు వడ్డె ఉపవాసం ఉంటే ఆయన చేను పని ఊరే చూసుకుంటుంది కదా, ఇదీ అంతే అన్నాడు. ఊరి కోసం వేల్పు ముందు నిలబడేవాడి ఇంట్లో పొయ్యి ఆరకూడదు, అది ఊరి బాధ్యత. మా చర్చివాళ్ళకు నేను చెప్పాలనుకున్నది ఆయన గొడ్డలికి పిడి చెక్కుతూ చెప్పేశాడు.

తర్వాత ఆయన ఒకటి అడిగాడు. "వేల్పుల పిల్లలు కూడా మిలిటరీకి పోతున్నారు కదా. వాళ్ళకు అక్కడ ఎవరున్నారు?"

ఎవరూ లేరు. పండిట్, గ్రంథి, మౌల్వీ, పాదిరి, భిక్షువు అని చదివాను చూడండి, ఆ జాబితాలో ఆదివాసి పూజారి లేడు. బీహార్ రెజిమెంటు యుద్ధ నినాదాల్లో బిర్సా ముండా పేరుంది. 1971 డిసెంబర్ 3న గంగాసాగర్ పోరులో చనిపోయి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఓరావు ఆదివాసి, క్రైస్తవుడు. ఆయన మతానికి సైన్యంలో పాదిరి ఉన్నాడు. అదే ఓరావుల్లో సర్నాను కొలిచేవాడు పోతే, వాడి తరఫున వాడి పద్ధతిలో నాలుగు మాటలు పలికే మనిషి లేడు. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 50 లక్షల మంది తమ మతం సర్నా అని రాయించుకున్నారు. 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ దానికి వేరే కోడ్ కావాలని తీర్మానం చేసింది. లెక్కల ఫారంలోనే గడి లేనప్పుడు సైన్యంలో పూజారి పోస్టు ఎక్కడి నుంచి వస్తుంది?

మావాడిని అడిగాను, మీ దళంలో వేల్పులను కొలిచే ఆదివాసి పిల్లలు ఎక్కడికి పోతారని. కొందరు పండిట్ జీ దగ్గరికి పోతారట. కొందరు పాదిరి సాబ్ గదికే వచ్చి కూర్చుంటారట, ఆయన కూడా అడవి మనిషే కదా అని. ఆయన వాళ్ళ చేత బైబిలు చదివించడట. టీ పెట్టి ఇచ్చి, మీ ఊళ్ళో పండగ ఎప్పుడు అని అడుగుతాడట. ఈ మాట విన్నాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. చీటీలో ఇంకొక వరుస కూడా పెరిగింది, తన మందలో లేని ఆ పిల్లలను కూడా మోసే బలం ఇవ్వమని.

నాన్నకు ఆ టీ సంగతి నచ్చింది, జాబితా సంగతి నచ్చలేదు. "మన వడ్డెను తీసుకోరా?" అన్నాడు. డిగ్రీ కావాలన్నాను. ఊఁ అన్నాడు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి నాన్నా, మన వడ్డె కర్ర లేనిదే గడప దాటలేడు అన్నాను.

నాన్న పిడి పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు.

"ఆయన మనవడు భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాడు కదా. వాడు పరుగెత్తుతాడు" అన్నాడు.